వాక్స్ మాకినా మొదటి ఎపిసోడ్ చూశాం. డైస్ పడే ముందు వచ్చే ఆ నిశ్శబ్దం మీకెవరికైనా కనిపించిందా?

డీఎం_అక్క

నమస్తే అందరికీ. నేను స్నేహితులతో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఆడిస్తాను. తలా ఒక పాత్ర ఆడతారు, ఏ పని నెగ్గుతుందో డైస్ తేలుస్తుంది, కథ చెప్తూ ఆట నడిపే డీఎం (డంజియన్ మాస్టర్) నేను. మొన్న రాత్రి మా టేబుల్ వాళ్ళం అయిదుగురం కూర్చుని అలాంటి ఆట నుంచే పుట్టిన యానిమేషన్ సిరీస్ ‘ద లెజెండ్ ఆఫ్ వాక్స్ మాకినా’ మొదటి ఎపిసోడ్ చూశాం. అది వచ్చింది 2022 జనవరి 28న. మీలో చాలామంది ఎప్పుడో చూసేసి ఉంటారు. మేం ఇన్నాళ్ళు ఆగడానికి కారణం ఉంది. మా సొంత ఆటలో ఒక డ్రాగన్ కథ నడుస్తోంది. అందులోనూ డ్రాగనే అని విని, ఆ నీడ మా కథ మీద పడకూడదని నేనే వద్దన్నాను. పోయిన నెల మా డ్రాగన్ కథ అయిపోయింది. ఎలా అయిపోయిందో కింద రాస్తాను, నా ప్రశ్న అంతా అక్కడి నుంచే పుట్టింది.

రెండో ఎపిసోడ్ నుంచి ఏం జరుగుతుందో మాత్రం దయచేసి ఎవరూ చెప్పకండి.

ముందు నచ్చినవి. మొదట్లోనే ఒక వీరుల గుంపు వస్తుంది. కవచాలు, ఆయుధాలు, ఆ నడక చూస్తే వీళ్ళే మన హీరోలు అనుకుంటాం. చూస్తూ ఉండగానే అందరూ చచ్చిపోతారు. ఆ తర్వాత అసలు హీరోల గుంపు, వాక్స్ మాకినా కనిపిస్తుంది. తాగేసి, చేతిలో చిల్లిగవ్వ లేక, సత్రంలో కొట్లాట పెట్టుకుని. మా తమ్ముడు వెంటనే "అక్కా, ఇది మనమే" అన్నాడు. నిజంగా మేమే. మా మొదటి సెషన్ కూడా సత్రంలో గొడవతోనే మొదలైంది, నేను రాసుకున్న కథలో ఆ గొడవే లేదు. అంతకుముందు వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు కాబట్టే ఈ పని వీళ్ళదాకా వస్తుంది. వీళ్ళూ డబ్బు కోసమే ఒప్పుకుంటారు. నాలుగేళ్ళుగా ఆట ఆడిస్తున్న మనిషిగా చెప్తున్నాను, ఆటలో గుంపులు సరిగ్గా ఇలాగే తయారవుతాయి.

ఆ గుంపులోని వెక్స్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆమె రేంజర్. ఆటలో రేంజర్ ఒక రకం శత్రువుని ఎంచుకుని, దాని ఆనవాళ్ళు పట్టడంలో ఆరితేరుతుంది. క్యారెక్టర్ షీట్ (పాత్ర శక్తులన్నీ రాసుకునే కాగితం) మీద అది ఒక్క లైను. మా టేబుల్‌లో రేంజర్ ఆడే అమ్మాయి ఆ లైనుని ఏడాదిలో రెండుసార్లు వాడి ఉంటుందేమో. ఇక్కడ డ్రాగన్ దగ్గరపడితే వెక్స్‌కి ముందు తెలుస్తుంది, అది కూడా నొప్పిగా తెలుస్తుంది. చెవుల్లో హోరు మొదలై తల పట్టుకుంటుంది. షీట్ మీద లైనుని ఒక మనిషి ఒంట్లోకి ఎక్కించారు. అది చూసి మా రేంజర్ తన షీట్ తీసి, ఆ లైను కింద పెన్సిల్‌తో గీత గీసుకుంది.

డ్రాగన్‌తో మొదటిసారి తలపడినప్పుడు వీళ్ళు చిత్తుగా ఓడిపోవడం కూడా బాగుంది. ఊరు నాశనమవుతుంటే వీళ్ళ వల్ల ఏమీ కాదు. డబ్బు కోసం ఒప్పుకున్న పని అక్కడ వేరే పనిగా మారిపోతుంది. ఆ మార్పు నాకు నమ్మకంగానే అనిపించింది.

ఇక నన్ను రెండు రోజులుగా పట్టి పీడిస్తున్న విషయం.

మా డ్రాగన్ పోరు చివర్లో తమ్ముడి క్యారెక్టర్ నేల కూలింది. మరుగుజ్జు యోధుడు, మొదటి సెషన్ నుంచీ ఉన్నవాడు. ఆడనివాళ్ళ కోసం చెప్తాను: ప్రాణం సున్నాకి పడితే వెంటనే చావు రాదు. ప్రతి వంతులో ఇరవై ముఖాల డైస్ వేయాలి. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే నెగ్గినట్టు, తక్కువ వస్తే ఓడినట్టు. మూడు ఓటములైతే చనిపోయినట్టే. తమ్ముడికి అప్పటికే రెండు ఓటములు. మూడోసారి వేశాడు. డైస్ టేబుల్ అంచు తగిలి కింద పడి, బీరువా కిందికి దొర్లిపోయింది. అయిదుగురం మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ లైటు వేసి చూశాం. 17 కనిపించింది. కానీ డైస్ నేల మీద చదునుగా లేదు, ఒక వైపు బీరువా కాలికి ఆనుకుని ఒరిగి ఉంది. ఒరిగిన డైస్ లెక్కలోకి రాదు, మళ్ళీ వేయాలి. ఇది మొదటి రోజే అందరం కలిసి పెట్టుకున్న నియమం. అందరూ నా వైపు చూశారు. నేను ఏమీ అనకముందే తమ్ముడు చెయ్యి పెట్టి డైస్ తీసి, టేబుల్ మధ్యలో మళ్ళీ వేశాడు.

4.

చనిపోయి నిమిషం దాటకపోతే బతికించే మంత్రం మా పూజారి దగ్గర ఉంది. దానికి 300 బంగారు నాణేల విలువైన వజ్రం కావాలి. ఆ వజ్రాన్ని మూడు సెషన్ల క్రితం పడవ బాగుచేయించడానికి అమ్మేశారు, అమ్ముదామన్నది తమ్ముడే. ఎవరూ మాట్లాడలేదు. ఎంతసేపు అంటే, గోడ గడియారం చప్పుడు నాకు వినపడింది.

ఆ నిశ్శబ్దం కోసమే నేను ఈ సిరీస్ చూశాను. టేబుల్ దగ్గర కథ చెప్పేది నేనే, అయినా డైస్ గాల్లో ఉన్నంతసేపు ఏం జరుగుతుందో నాకూ తెలియదు. మిగతా ఏ కథల్లోనూ నాకు దొరకనిది అదే. మొదటి ఎపిసోడ్‌లో కత్తులు తగలడం, తప్పడం అన్నీ ఉన్నాయి, బొమ్మ చాలా బాగుంది, గొంతులు అద్భుతం. కానీ ఒక్కచోట కూడా "ఇది చెప్పేవాళ్ళకి కూడా ముందు తెలియదు" అనిపించలేదు. స్క్రిప్ట్ రాసుకున్న సిరీస్‌లో అది ఉండటం కుదరదా? లేక నేను తప్పుచోట వెతుకుతున్నానా?

మా టేబుల్ రెండుగా చీలింది. ఇద్దరికి బాగా నచ్చింది. ఒకరికి ఆ బూతులు, రక్తం చూసి విసుగొచ్చింది. తమ్ముడు మాత్రం ఏమీ చెప్పలేదు. ముందుకు చూడాలా వద్దా, మీరంతా ఎలా చూశారు, చెప్పండి.


వానచినుకు

అక్కా, నేను ఈ ఆట ఎప్పుడూ ఆడలేదు. ఫాంటసీ అంటే ఇష్టం కాబట్టి చూశాను. ఆట నుంచి వచ్చిందని మూడో ఎపిసోడ్ అయ్యాకే తెలిసింది.

మీరు అడిగిన నిశ్శబ్దం నాకు ఎలా తెలుస్తుంది, కానీ ఒకటి మాత్రం అనిపించింది. మామూలుగా ఇలాంటి కథల్లో మొదటి ఎపిసోడ్ అంతా లోకాన్ని పరిచయం చేయడానికే సరిపోతుంది. ఏ రాజ్యం, ఏ యుద్ధం, ఎవరి వంశం, ఇవి తలకెక్కించుకునేసరికే అరగంట అయిపోతుంది. ఇందులో ఎవరూ నాకు పాఠం చెప్పలేదు. ఈ ఏడుగురూ నేను రాకముందు నుంచే స్నేహితులు, నేను మధ్యలో వచ్చి పక్కన కూర్చున్నాను, అంతే. ఒకళ్ళ మీద ఒకళ్ళు వేసుకునే మాటల్లో పాత చనువు ఉంది. వాక్స్, వెక్స్ కవలలని ఎవరూ విడమరిచి చెప్పకముందే వాళ్ళ కసుర్లు విని కనిపెట్టాను.

పేర్లు మాత్రం కష్టపెట్టాయి. వాక్స్ ఎవరో వెక్స్ ఎవరో సగం ఎపిసోడ్ దాకా తికమకే. గుంపు పేరు కూడా వాక్స్‌తోనే మొదలవుతుంది కదా.


ముందువరస

డీఎం_అక్క గారూ, మీ బీరువా కింది డైస్ చదివి కాసేపు ఏమీ తోచలేదు. మీ తమ్ముడికి నా నమస్కారం చెప్పండి. 17 చూశాక కూడా తన చేత్తో తీసి మళ్ళీ వేయడం చిన్న విషయం కాదు.

ఈ సిరీస్‌కి మూలమైన ఆటని క్రిటికల్ రోల్ అనే బృందం ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా ఆడి చూపించింది. నేను ఆ స్ట్రీమ్ మొదటి క్యాంపెయిన్ (ఒక పెద్ద కథ) 115 సెషన్లూ చూసినవాడిని, ఒక్కోటి మూడు నాలుగు గంటలు. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు ఆ వైపు నుంచి చెప్తాను. మీరు అడిగినట్టే ముందు జరిగేవి ఏవీ చెప్పను.

ఈ ఆట 2012లో ఒక పుట్టినరోజు కోసం మొదలైంది. లియమ్ ఓబ్రయన్ పుట్టినరోజుకి వాళ్ళ డీఎం మాథ్యూ మెర్సర్ స్నేహితులని కూర్చోబెట్టి ఒక్కరోజు ఆట ఆడించాడు. అందరూ వాయిస్ నటులే. ఒక్కరోజుతో ఆగకుండా ఇంట్లో కొనసాగించారు, అప్పట్లో పాత్‌ఫైండర్ అనే ఇలాంటి మరో ఆట నియమాలతో. 2015 మార్చిలో స్ట్రీమ్ మొదలుపెట్టినప్పుడు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌కి మారారు. గుంపులోని పర్సీ తుపాకీ చూసి మీకు ఆశ్చర్యం కలిగి ఉంటుంది. ఆ తుపాకీవాడు పాత్‌ఫైండర్ నుంచి వచ్చినవాడు. అయిదో ఎడిషన్ పుస్తకంలో ఆ రకం పాత్ర లేదు కాబట్టి మెర్సర్ అతని కోసమే నియమాలు తయారుచేశాడు.

ఇప్పుడు అసలు విషయం. స్ట్రీమ్ మొదలయ్యేసరికి కథ చాలా దూరం వచ్చేసింది. మొదటి రోజు మనం చూసేది మరుగుజ్జుల నగరం క్రాగ్‌హామర్‌లో వీళ్ళు దిగడం. మీరు చూసిన ఈ నీలి డ్రాగన్ కథ అంతకుముందు, కెమెరా లేని రోజుల్లో, ఇంట్లో ఆడినది. అంటే అక్కడ డైస్ పడినప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చూడలేదు. 115 సెషన్లు చూసిన నాకు కూడా ఈ ఎపిసోడ్ కొత్తే. ఏ దెబ్బ డైస్ వల్ల తగిలిందో, ఏది తర్వాత రాసుకున్నదో నేను చెప్పలేను. నాకు అది వరంలా అనిపించింది, ఎందుకంటే నాలాంటి వాళ్ళం ప్రతి సీన్‌కీ స్ట్రీమ్ పక్కన పెట్టి పోల్చే రకం. మొదటి రెండు ఎపిసోడ్లు మమ్మల్ని పోల్చనివ్వకుండా కూర్చోబెట్టాయి.

ఇంకో సంగతి. 2019 మార్చిలో వీళ్ళు కిక్‌స్టార్టర్‌లో (జనం నుంచి చందాలు సేకరించే వెబ్‌సైట్) అడిగింది 22 నిమిషాల ఒకే ఒక్క యానిమేషన్ కథ కోసం. అడిగిన మొత్తం 7,50,000 డాలర్లు. గంట లోపే అది దాటేసింది. చివరికి 88,887 మంది కలిసి కోటీ 13 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. అందులో నేనూ ఒకడిని. ఆ 22 నిమిషాల కథ అనుకున్నదే పెరిగి ఇప్పటి మొదటి రెండు ఎపిసోడ్లు అయింది. అందుకే రెండింటికీ ఒకటే పేరు, ‘ద టెర్రర్ ఆఫ్ తాల్‌డోరే’ ఒకటో భాగం, రెండో భాగం. కాబట్టి మీరు చూసింది సగం పోరు. మీ భాషలో చెప్పాలంటే, సెషన్ మధ్యలో లేచి వెళ్ళిపోయారు. రెండోది చూడకుండా తీర్పు ఇవ్వొద్దని నా మనవి.

డైస్ నిశ్శబ్దం గురించి: అది మీకు తెర మీద దొరకదు, నిజమే. కానీ డైస్ వల్ల కథకి పట్టే వంకరలు దొరుకుతాయి. రచయితలు కూర్చుని రాస్తే బలవంతుడైన గ్రోగ్‌కి గెలుపులు, పొట్టి గాయకుడు స్కాన్లన్‌కి నవ్వులు పంచేస్తారు. టేబుల్ దగ్గర అలా పంచడం కుదరదు. స్కాన్లన్ ఆడిన సామ్ రీగల్ నవ్విస్తూ నవ్విస్తూ ఉన్నట్టుండి అందరినీ కాపాడే మంత్రం వేసిన రోజులు స్ట్రీమ్‌లో ఎన్నో. ఎవరు ఎప్పుడు పనికొస్తారో ముందు తెలియని ఆ తీరు సిరీస్‌లో మిగిలింది.

మరొకటి. స్ట్రీమ్‌లో ఎవరైనా పెద్ద శత్రువుని చంపే దెబ్బ కొడితే మెర్సర్ ఆగి, ఆ ఆటగాడిని "ఎలా చేయాలనుకుంటున్నావు?" అని అడుగుతాడు. ఆ ఒక్క క్షణం కథ అతని చేతిలోంచి ఆటగాడి చేతిలోకి పోతుంది. సిరీస్‌లో అలా ఆపి అడిగే డీఎం తెర మీద లేడు. కానీ ముందు ముందు ఏదైనా పెద్ద శత్రువు పడేటప్పుడు గమనించండి, ఆ చావు చంపినవాళ్ళ స్వభావంలాగే ఉంటుంది. నాకు అక్కడ ఆ ప్రశ్న వినపడుతుంది.

ఒక చిన్న తేడా చెప్పి ఆపుతాను. గుంపులో గాయాలు మాన్పే పైక్ స్ట్రీమ్‌లో చాలా సెషన్లలో లేదు. ఆ పాత్ర ఆడే ఆష్లీ జాన్సన్‌కి వేరే నగరంలో షూటింగ్ ఉండేది. తను లేని రోజుల్లో గాయపడినవాళ్ళని కోలుకునేలా చేసే మనిషి లేక వీళ్ళు పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. సిరీస్ మొదటి పోరులోనే పైక్ మిగతావాళ్ళ పక్కన నిలబడి ఉండటం చూసి నాకు గొంతు పట్టేసింది. టేబుల్ దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు రాని రోజులు మీకూ ఉండే ఉంటాయి, మీకు అర్థమవుతుంది.


తేటనీరు

నాది మీ టేబుల్‌లో విసుగుపడిన మనిషి పక్షం. నేను రెండోది చూడలేదు, చూడను కూడా.

బూతులు వినలేనిదాన్ని కాదు. నేను ఈ ఆట ఆరేళ్ళు ఆడాను. మా టేబుల్ దగ్గర అంతకన్నా ఘోరమైన మాటలే దొర్లేవి. కానీ అక్కడ అవి ఎవరో ఒకరు టెన్షన్ తట్టుకోలేక అనేసిన మాటలు. ఇక్కడ ప్రతి బూతూ, తెగిపడే ప్రతి చెయ్యీ "చూడండి, ఇది చిన్నపిల్లల బొమ్మల కథ కాదు" అని నిరూపించడానికే పెట్టినట్టు ఉంది. మొదటి పావుగంట నాకు అదే వినపడింది. పెద్దవాళ్ళ కథ అంటే పెద్దవాళ్ళు పడే బాధ ఉండాలి. ఊరు తగలబడ్డాక వీళ్ళ మొహాల్లో కనిపించిందే, ఆ బాధ. అది కాసేపే ఉంది. అంత మంచి చోటికి చేరడానికి ఇంత రచ్చ ఎందుకు?

గుంపులోని కీలెత్‌ని చూస్తే నాకు బాధేసింది. తన మీద తనకి నమ్మకం లేని అమ్మాయి, అంత శక్తి ఉండి కూడా వెనక నిలబడుతుంది. ఆటలోకి కొత్తగా వచ్చినప్పుడు నేనూ అలాగే ఉండేదాన్ని. నా వంతు వస్తే పుస్తకం తిరగేస్తూ, అందరూ నా కోసం ఆగుతున్నారని చెమటలు పట్టేవి. ఆ అమ్మాయి దగ్గర ఇంకొంచెం సేపు ఆగి ఉంటే నేను రెండో ఎపిసోడ్ చూసేదాన్నేమో. ఆగలేదు, ఇంకో జోకుకి వెళ్ళిపోయారు.

వెక్స్ తలనొప్పి విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఆ ఎపిసోడ్‌లో నాకు గుర్తున్న మంచి సంగతి అదొక్కటే.


డీఎం_అక్క

తేటనీరు గారూ, మీరు కీలెత్ గురించి రాసింది చదివాక ఆ సీన్లు మళ్ళీ వేసి చూశాను. మీరన్నది నిజం. నేను గుంపంతటినీ ఒకేసారి చూస్తూ ఆ అమ్మాయిని వదిలేశాను. డీఎంగా కూడా నేను చేసే తప్పు ఇదేనని ఇప్పుడు అనిపిస్తోంది. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ వైపే సెషన్ వెళ్ళిపోతుంది. మా టేబుల్‌లో రేంజర్ అమ్మాయి తక్కువ మాట్లాడుతుంది. తన షీట్ మీద ఆ లైను ఏడాదిలో రెండుసార్లే వాడిందని పైన ఎంత తేలిగ్గా రాసేశాను! దాన్ని వాడుకునే అవకాశం నేను కల్పించాలి కదా.

ముందువరస గారూ, "సెషన్ మధ్యలో లేచి వెళ్ళిపోయారు" అన్న మాట మా వాళ్ళకి చదివి వినిపించాను. రెండో ఎపిసోడ్ ఈ రాత్రికే.


పాతటేపు

అమ్మా, నేను మీ అందరికన్నా పెద్దవాడిని అనుకుంటాను. ఈ ఆట పేరుతో 1983లోనే అమెరికాలో సీబీఎస్ ఛానల్‌లో పిల్లల కార్టూన్ వచ్చింది. మూడు సీజన్లు, 27 ఎపిసోడ్లు. నేను టేపుల్లో చూశాను. వినోద పార్కులో ఒక రైడ్ ఎక్కిన ఆరుగురు పిల్లలు మంత్రాల లోకంలో పడిపోతారు. ఇంటికి దారి వెతుక్కోవడమే కథ.

మీ ప్రశ్న చదవగానే నాకు గుర్తొచ్చింది ఏమిటంటే, ఆ కార్టూన్‌లో డంజియన్ మాస్టర్ కథలోనే ఒక పాత్ర. తెల్ల జుట్టు, పొట్టి మనిషి. ఎక్కణ్ణుంచో వచ్చి పొడుపుకథ లాంటి మాట ఒకటి చెప్పి, పిల్లలు అటు తిరిగి ఇటు తిరిగేలోగా మాయమైపోతాడు. అప్పట్లో నేను ఆట ఆడలేదు కాబట్టి ఆయన ఎవరో మంత్రగాడు అనుకున్నాను. ఆడటం మొదలుపెట్టాక అర్థమైంది, దారి చూపించాలి గాని చెయ్యి పట్టి నడిపించకూడదన్న డీఎం కష్టాన్ని వాళ్ళు ఒక బొమ్మగా గీశారని. వాక్స్ మాకినాలో అలాంటి మనిషి తెర మీద లేడు. మీరు వెతుకుతున్న లోటులో సగం అదేనేమో. టేబుల్ దగ్గర మీరు కూర్చునే కుర్చీ ఆ కథలో కనిపించడం లేదు.

జపాన్ వాళ్ళు ఈ పని ఇంకా ముందే వేరే తీరుగా చేశారు. 1986లో ‘కాంప్టిక్’ అనే పత్రికలో కొందరు తాము ఆడిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటని, మాటకి మాట నాటకంలా అచ్చు వేయడం మొదలుపెట్టారు. చదివేవాళ్ళు ఎగబడ్డారు. దాంట్లోంచి నవలలు, వాటి తర్వాత 1990లో ‘రికార్డ్ ఆఫ్ లోడాస్ వార్’ అనే 13 భాగాల యానిమేషన్ వచ్చాయి. అది చూస్తే ఎక్కడా ఆట అనిపించదు. గంభీరంగా, పురాణంలా సాగుతుంది. మరుగుజ్జు, ఎల్ఫ్, పూజారి, దొంగ, యోధుడు, మంత్రగాడు అందరూ ఒకే గుంపులో ఎందుకున్నారో ఆట తెలిసినవాడికే తడుతుంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, కార్టూన్ వాళ్ళు డీఎంని ఉంచుకున్నారు, లోడాస్ వాళ్ళు కథని ఉంచుకున్నారు, వాక్స్ మాకినా వాళ్ళు టేబుల్ చుట్టూ కూర్చున్న స్నేహితులని ఉంచుకున్నారు. నాకు మూడోదే ఎక్కువ ఇష్టం. మా టేబుల్ 11 ఏళ్ళు నడిచి ఆగిపోయింది. అప్పుడు ఏ రాక్షసుణ్ణి చంపామో నాకు ఇప్పుడు సరిగా గుర్తులేదు. పక్కన కూర్చున్నవాడు డైస్ వేసే ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి వినేవాడు, అది మాత్రం ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.


ముందువరస

పాతటేపు గారూ, చాలా బాగా చెప్పారు. ఒక్క మాట కలుపుతాను. మెర్సర్ తెర మీద డీఎంగా లేడు గాని సిరీస్‌లో చాలా చిన్న పాత్రలకి గొంతు ఆయనదే. టేబుల్ దగ్గర డీఎం చేసేదీ అదే కదా, సత్రం యజమాని నుంచి కాపలావాడి దాకా అందరూ తనే. స్ట్రీమ్ చూసిన చెవులకి ఆ గొంతు తెలిసిపోతుంది. కుర్చీ కనిపించకపోయినా మనిషి ఉన్నాడు.


డీఎం_అక్క

రెండో ఎపిసోడ్ చూశాం. చూడని వాళ్ళ కోసం కథ చెప్పను.

మొదటిదానికీ దీనికీ మధ్య నాకు కనిపించిన తేడా ఇది. మొదటి ఓటమిలో ఏడుగురూ ఏడు చోట్ల విడివిడిగా దెబ్బలు తింటున్నారు. ఎవరి మంత్రం వాళ్ళది, ఎవరి గొడ్డలి వాళ్ళది. రెండోదాంట్లో ఒకరు మొదలుపెట్టిన పని ఇంకొకరి చేతిలో పూర్తవుతుంది. మా టేబుల్‌కి అది రావడానికి ఏడాదిన్నర పట్టింది. అప్పటిదాకా ప్రతివాళ్ళూ తమ వంతు కోసం ఎదురుచూసి, వంతు అయిపోగానే ఫోన్ చూసుకునేవారు. ఒకరోజు పూజారి ఆడే అబ్బాయి తన వంతు కానప్పుడు ఫోన్ బోర్లా పెట్టి, "నువ్వు ఎడమవైపు వెళ్తే నేను వెనక నుంచి వస్తాను" అని తమ్ముడితో అన్నాడు. ఆ రోజు నుంచే అది మా గుంపు అయిందని నా లెక్క. ఆ ఏడాదిన్నరని వీళ్ళు రెండు ఎపిసోడ్లలో చూపించారు. నేను ఒప్పుకుంటున్నాను, తప్పుచోట వెతికాను.

అయినా డైస్ విషయంలో నా మనసు పూర్తిగా కుదుటపడలేదు. తేటనీరు గారి మాట కూడా నాతోనే ఉంది, రెండోదాంట్లోనూ రచ్చ తగ్గలేదు.

తమ్ముడు మొన్న ఏమీ మాట్లాడలేదని రాశాను కదా. రెండోది అయ్యాక మిగతా ముగ్గురూ వెళ్ళిపోయారు. వాడు రిమోట్ తీసుకుని మొదటి ఎపిసోడ్ మళ్ళీ పెట్టి, ఆ తొలి వీరుల గుంపు దగ్గర ఆపాడు. "వీళ్ళకి కూడా ఎవరో పేర్లు పెట్టి ఉంటారు కదా అక్కా" అన్నాడు. వాడి మరుగుజ్జు చనిపోయినప్పటి నుంచి వాడు దాని గురించి మాట్లాడటం అదే మొదటిసారి. తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ 17 తీసేటప్పుడు వేళ్ళు వణికాయట. నాకు తెలియదు, బీరువా కింద చీకట్లో నాకు డైస్ తప్ప ఇంకేమీ కనపడలేదు.

ఆదివారం సెషన్ ఉంది. కొత్త క్యారెక్టర్‌గా గాయకుణ్ణి ఆడతానన్నాడు, పేరు ఇంకా పెట్టలేదు. వజ్రం ఒకటి కథలో ఎక్కడో దాచమని అడిగాడు. ఎక్కడ దాస్తానో వాడికి చెప్పను. మూడో ఎపిసోడ్ ఆ సెషన్ అయ్యాకే చూస్తాం.